హెచ్61 బోర్డుకి ఏఎస్ఎం1061 సాటా కార్డు: 6 జీబీపీఎస్ ఎంతవరకు నిజం?

బరంపురం డీటీపీ సెంటర్లలో హెచ్61 (ఇంటెల్ పాత చిప్‌సెట్) బోర్డు డెస్క్‌టాప్‌లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. వాటికి కొత్త సాటా (డిస్కుని బోర్డుకి కలిపే లింకు) ఎస్ఎస్‌డీ వేసి లినక్స్ ఎక్కించాక, డీమెస్గ్‌లో (కెర్నెల్, అంటే లినక్స్ మూలభాగం, ఇచ్చే సందేశాల చిట్టాలో) 3.0 జీబీపీఎస్ అని కనబడగానే డిస్కు డూప్లికేటంటూ షాపు మీదికి వెళ్లేవాళ్లున్నారు. డిస్కు తప్పేం లేదు. హెచ్61లో ఉన్న నాలుగు సాటా పోర్టులూ 3 జీబీపీఎస్‌వే. దానికి మందుగా అమ్మేది ఏఎస్ఎం1061 చిప్ ఉన్న రెండు పోర్టుల పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు. పనికొచ్చే వస్తువే. డబ్బా మీద 6 జీబీపీఎస్ అని ఉంది కదా అని స్పీడు రెట్టింపవుతుందనుకుంటే మాత్రం నిరాశే.

సాటాలో ఒక్కో బైటుకి తీగ మీద 10 బిట్లు పోతాయి. అంటే 3 జీబీపీఎస్‌కి సెకనుకి 300 ఎంబీ, 6కి 600. ఈ కార్డు కూర్చునేది పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0 ఎక్స్1 స్లాట్లో. అక్కడి దారి మొత్తమే 500 ఎంబీ. ఇక 600 ఎక్కడ దూరుతుంది? డిస్కు స్పీడు కొలిచే హెచ్‌డీపార్మ్ కమాండుతో చూస్తే బోర్డు పోర్టు మీద 270-280 ఎంబీ ఇచ్చే ఎస్ఎస్‌డీ, కార్డు మీద 380-400 దాకా వస్తుంది. రెండు పోర్టులకీ డిస్కులు పెట్టి రెండింటినీ ఒకేసారి చదివిస్తే అదే 400ని పంచుకుంటాయి. పెద్ద ఫైళ్లు తిప్పేవాళ్లకి తేడా తెలుస్తుంది. పెళ్లి పత్రికలు కొట్టుకునే సిస్టమ్‌కి తెలియదు.

ఇంకా పాతదైన జీ41 బోర్డుకైతే ఈ కార్డు అసలు వద్దు. అందులో పీసీఐ ఎక్స్‌ప్రెస్ మొదటి తరానిది, లెక్క ప్రకారమే 250 ఎంబీ. ఉన్న పోర్టే నయం.

కార్డు పెట్టాక డీమెస్గ్‌ని గ్రెప్‌తో వడకట్టి ‘సాటా లింక్ అప్’ వరుస చూడండి. బ్రాకెట్లో ఉండే రెండు అంకెల్లోనే అసలు సంగతంతా ఉంది. ఎస్‌స్టేటస్ 133 అంటే 6 జీబీపీఎస్, 123 అంటే 3, 113 అంటే 1.5. పక్కన ఎస్‌కంట్రోల్ 300 ఉంటే కెర్నెల్ ఏ అడ్డూ పెట్టలేదని అర్థం. 123 పక్కన 320 కనబడిందా, లింకు తప్పులు చేస్తుంటే కెర్నెలే స్పీడు తగ్గించిందన్నమాట. అప్పుడు పైన ‘లిమిటింగ్ సాటా లింక్ స్పీడ్’ అన్న వరుస కూడా దొరుకుతుంది. కింద వచ్చే యూడీఎంఏ/133ని పట్టించుకోకండి, సాటాలో ఆ అంకెకి విలువ లేదు.

320 వస్తే ముందు కేబుల్ మార్చండి. కార్డుతో పాటు ఇచ్చే కేబుళ్లలో చాలావాటికి లాక్ క్లిప్ ఉండదు, కాస్త కదిలితే చాలు వదులవుతాయి. గోపాలపూర్ వైపు ఉప్పుగాలికి కనెక్టర్లు మసకబారడం మామూలే. కార్డు బంగారు పళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి పెట్టండి. తర్వాత డిస్కు ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్ కమాండు హైఫన్ పెద్ద ఏతో కొట్టి 199 నంబరున్న వరుస, యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ (లింకులో దొర్లిన తప్పుల లెక్క), రాసిపెట్టుకోండి. అది ఎన్నటికీ తగ్గదు. ఒక పెద్ద ఫైలు కాపీ చేసి మళ్లీ చూడండి. పెరగకపోతే రోగం కుదిరినట్టే. అన్నట్టు, కెర్నెల్ పెట్టిన ఆ అడ్డు రీబూట్ చేస్తే పోతుంది.

ఎస్‌స్టేటస్ 133 ఉండి కూడా హెచ్‌డీపార్మ్ 200 దగ్గరే ఆగిందంటే తప్పు స్లాటుది. సుడోతో ఎల్‌ఎస్‌పీసీఐ హైఫన్ వీవీ కొట్టి కార్డు కింద ‘ఎల్ఎన్‌కేఎస్‌టీఏ’ (లింక్ స్టేటస్) వరుస చూడండి. 5 జీటీ (పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0 వేగం) ఉండాలి. 2.5 జీటీ ఉండి పక్కన ‘డౌన్‌గ్రేడెడ్’ అంటే స్లాట్ మార్చి చూడాలి. హెచ్‌డీపార్మ్‌లో చిన్న టీ ముఖ్యం. పెద్ద టీ కొట్టి వేలల్లో ఎంబీలు చూపిస్తే మురిసిపోకండి, అది మెమరీ స్పీడు. సిస్టమ్ ఖాళీగా ఉన్నప్పుడు మూడుసార్లు కొలవండి.

లినక్స్ బదులు ఫ్రీబీఎస్‌డీ వాడేవాళ్లకి ఇదే పని సులువు. బూట్ సందేశాల్లో ‘600.000 ఎంబీ ట్రాన్స్‌ఫర్స్, సాటా 3.ఎక్స్’ అని సూటిగా వస్తుంది. స్లాట్ సంగతి పీసీఐకాన్ఫ్ హైఫన్ ఎల్‌సీ చెబుతుంది.

డ్రైవర్ సీడీ చెత్తబుట్టలో వేయొచ్చు, కెర్నెల్లో ఉండే ఏహెచ్‌సీఐ డ్రైవరే చాలు. చిక్కల్లా బూటింగ్‌తోనే. కొన్ని కార్డుల్లో బూట్ రోమ్ (బూటింగ్ కోడ్ ఉండే చిప్) ఉండదు, బయోస్‌కి ఆ డిస్కే కనబడదు. అలాంటప్పుడు బూట్ పార్టిషన్‌ని బోర్డు పోర్టుకున్న పాత డిస్కు మీద ఉంచి, రూట్‌ని (మిగతా లినక్స్‌ని) మాత్రం ఎస్ఎస్‌డీ మీదికి మార్చాలి.

కొనేముందు చిప్ మీది నంబరు చదవండి, పొట్టి క్యాబినెట్‌కి సరిపడే చిన్న బ్రాకెట్ ప్యాకెట్లో ఉందో లేదో చూడండి. అదే ఎక్స్1 స్లాటుకి పోర్ట్ మల్టిప్లయర్ (ఒక పోర్టుని పలు డిస్కులకి పంచే చిప్) తగిలించి అయిదు పోర్టులంటూ అమ్మే కార్డులున్నాయి, వాటి జోలికి పోవద్దు. రెండు పోర్టుల కార్డుకి హెచ్61 మీద అయిదుకి మూడున్నర.