పైథాన్ సాకెట్ మాడ్యూల్: వచ్చినంతే చేతికిస్తుంది

ఉష్ణోగ్రత, తేమ కొలిచే పరికరాలు నెట్‌వర్క్ మీద పంపే రీడింగుల్ని అందుకుని ఫైళ్లలో దాచిపెట్టే ప్రోగ్రాములు రాయడం నా పని. నాలుగేళ్లుగా ఇందుకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో పాటే వచ్చే, నెట్‌వర్క్ మీద డేటా పంపడానికీ అందుకోవడానికీ ఉన్న సాకెట్ మాడ్యూల్‌నే వాడుతున్నాను. డేటా పంపడంలో ఇది నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు, సెండాల్ అని పిలిస్తే మొత్తం పంపేదాకా తనే చూసుకుంటుంది. చెప్పాల్సిందంతా అందుకునే వైపే ఉంది, అంటే రిసీవ్ గురించి. ఐదు స్టార్లకు నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో చెప్తాను.

మొదట్లో నేను రాసింది ఒక్క లైను. రిసీవ్‌కి 4096 అని ఇచ్చి, వచ్చినదాన్ని నేరుగా జేసన్‌గా (డేటాని టెక్స్ట్‌గా రాసే ఒక పద్ధతి) మార్చేశాను. ఒక్కో రీడింగు సుమారు 2,200 బైట్లు, కాబట్టి 4096 చాలా ఎక్కువే అనుకున్నాను. నా కంప్యూటర్‌లోనే రెండు వైపులా పెట్టి రెండు వారాలు పరీక్షించాను, ఒక్క తప్పూ రాలేదు. అసలు పరికరానికి కలిపిన రోజు నుంచి టెన్షన్ మొదలైంది. ఒకసారి సగం రీడింగే వచ్చేది, ఇంకోసారి రెండు రీడింగులు అతుక్కుని వచ్చేవి. పరికరమే పాడైందనుకుని తయారు చేసినవాళ్లకి మెయిల్ కూడా పెట్టాను. పరికరంలో ఏ లోపమూ లేదు.

రిసీవ్‌కి ఇచ్చే సంఖ్య గరిష్ఠ పరిమితి మాత్రమే. అంతా వచ్చేదాకా అది ఆగదు, అప్పటికి ఎంత చేరి ఉంటే అంత ఇచ్చేస్తుంది. ఈ డేటాని మోసుకొచ్చే టీసీపీ అనే నెట్‌వర్క్ పద్ధతికి బైట్ల వరుస తప్ప సందేశం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. మామూలు ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ 1500 బైట్లు, హెడర్లు పోను డేటాకి మిగిలేది 1460. నా 2,200 బైట్లు రెండు ముక్కలుగా ప్రయాణించక తప్పదు. లినక్స్‌లో ఒకే కంప్యూటర్ లోపల మాట్లాడుకునే లూప్‌బ్యాక్‌కి ఆ హద్దు 65,536, అందుకే నా పరీక్షల్లో ఏదీ తెగలేదు.

తెలుగు పంపేవాళ్లకి ఇంకో చిక్కుంది. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపిలోని ప్రతి గుర్తుకీ 3 బైట్లు పడతాయి, ‘తెలుగు’ అన్న మాటకే 18. 4096ని 3తో భాగిస్తే 1 మిగులుతుంది, 1460ని భాగిస్తే 2. అంటే ముక్క తెగేచోటు చాలాసార్లు అక్షరం మధ్యలోనే పడుతుంది. అక్కడికక్కడే డీకోడ్ చేస్తే, అంటే బైట్లని అక్షరాలుగా మారిస్తే, యూనికోడ్ డీకోడ్ ఎర్రర్ వస్తుంది. సందేశం మొత్తం చేరేదాకా బైట్లుగానే ఉంచి, ఆ తర్వాత అక్షరాలుగా మార్చాలి.

స్టార్ తగ్గించింది దీనికి కాదు. ఇన్ని బైట్లు కచ్చితంగా కావాలని అడిగే ఫంక్షన్ ఈ మాడ్యూల్‌లో లేదు, అందుకు తగ్గించాను. పైథాన్‌లోనే ఉన్న ఇంకో మాడ్యూల్ ఆసింక్ఐఓలో రీడ్ ఎగ్జాక్ట్‌లీ ఉంది, ఇక్కడ మాత్రం ఎవరికి వారు రాసుకోవాలి. అడిగినంతా వచ్చేదాకా ఆగమని చెప్పే వెయిట్ ఆల్ అనే ఫ్లాగ్ ఉన్నా, టైమౌట్ (ఇంతసేపే ఎదురుచూడాలన్న గడువు) పెట్టిన సాకెట్ మీద దాన్ని నమ్ముకోలేం. నేను రాసుకున్నది చిన్నదే. ముందు సందేశం పొడవు ఉండే 4 బైట్లు చదివి, బైట్లని సంఖ్యగా మార్చే స్ట్రక్ట్‌తో ఆ పొడవు తెలుసుకుంటుంది, తర్వాత ఇంకా ఎన్ని రావాలో అన్నే అడుగుతూ ఒక బైట్‌అర్రేలో పోగుచేస్తుంది. ఆ పొడవుకి ఒక పైహద్దు పెట్టండి. 4 బైట్లలో 400 కోట్లకు పైగా సంఖ్య పడుతుంది, అవతలివైపు పొరపాటున చెత్త పంపితే మీ ప్రోగ్రాం అంత డేటా కోసం కూర్చుంటుంది.

లైనుకో సందేశం చొప్పున వస్తుంటే, సాకెట్‌ని ఫైల్‌లా చూపే మేక్‌ఫైల్ చాలా హాయి, మామూలు ఫైల్ లాగే రీడ్‌లైన్‌తో చదువుకోవచ్చు. టైమౌట్‌తో కలిపి మాత్రం వాడొద్దు. మధ్యలో టైమౌట్ అయితే దాని లోపలి బఫర్ (డేటాని తాత్కాలికంగా ఉంచే చోటు) గందరగోళం కావచ్చని డాక్యుమెంటేషనే చెప్తోంది.

అవతలివైపు మామూలుగా కనెక్షన్ మూసేస్తే ఎర్రర్ రాదు, ఖాళీ బైట్లు వస్తాయి. నాకు నచ్చిన పద్ధతి ఇది, కానీ ఆ ఖాళీని గమనించని లూప్ ఆగకుండా తిరుగుతూ ప్రాసెసర్‌ని తినేస్తుంది. కేబుల్ ఊడితే అదీ రాదు. మనం చెప్పకపోతే టైమౌట్ ఉండదు కాబట్టి రిసీవ్ అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. ఒక రాత్రంతా రీడింగులు పోయాక 30 సెకన్ల సెట్‌టైమౌట్ పెట్టాను. పైథాన్ 3.10 నుంచి సాకెట్ టైమౌట్, మామూలు టైమౌట్ ఎర్రర్ ఒకటే అయ్యాయి, పట్టుకోవడం తేలికైంది.

టీసీపీకి బదులు వాడే ఇంకో పద్ధతి యూడీపీ సంగతి వేరు. అక్కడ ఒక పిలుపుకి ఒక డేటాగ్రామ్, అంటే అవతలివైపు ఒకసారి పంపిన మూట, వస్తుంది. బఫర్ చిన్నదైతే మిగిలింది పోయినట్టే, మళ్లీ అడిగినా రాదు.

ఇప్పుడు అందుకునే ప్రోగ్రాం ఏది రాసినా, సందేశాన్ని ఒక్కో బైట్‌గా, మధ్యమధ్య కాస్త ఆగుతూ పంపే స్క్రిప్టుతో ముందు పరీక్షిస్తాను. తర్వాత మూడు సందేశాల్ని కలిపి ఒకేసారి పంపిస్తాను. రెండిట్లోనూ రీడింగులు సరిగ్గా వస్తేనే పరికరానికి కలుపుతాను.