క్రాఫ్ట్ బీర్ ఫెస్ట్ టికెట్లు కొంటున్న కర్నూలు, అనంతపురం వాళ్లు ఆగండి, ఇది చదివి అప్పుడు కొనండి

ముందు విషయం చెప్పేస్తా. బెంగళూరు పక్కన దేవనహళ్లి దగ్గర జరిగే ఆ క్రాఫ్ట్ బీర్ టేస్టింగ్ ఫెస్టివల్ కి ఎవరూ టికెట్లు కొనొద్దు. క్రాఫ్ట్ బీర్ అంటే చిన్న బ్రూవరీల్లో, అంటే బీరు తయారుచేసే చోట్ల, రకరకాల రుచుల్లో చేసే బీరు. పేరు నేను రాయను గానీ అనంతపురం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతా ఉన్న పసుపు గ్లాసు బొమ్మ పోస్టర్ చూసినోళ్లకు అది ఏ ఫెస్టో అర్థమైపోయి ఉంటాది. ఇప్పుడు అదే పోస్టర్ తేదీ మార్చి కర్నూలు గ్రూపుల్లో పెడుతున్నారు, కర్నూలు నుంచి స్పెషల్ బస్ అంట. పొద్దున ఆ ఫార్వర్డ్ చూసినాక ఇంక ఆగలేక రాస్తున్నా. నిన్న రాత్రే తిరిగొచ్చినాం, కోపం ఇంకా దిగలే, వాక్యాలు అటూ ఇటూ పోతే సర్దుకొని చదవండి.

మనిషికి 1999 రూపాయలు, దాంట్లో ఎంట్రీ, 10 టేస్టింగ్ టోకెన్లు, టోకెన్ కి 100 ఎంఎల్. వ్యాన్ కి 700 వేరే. 12 బ్రూవరీలు వస్తాయి, 30 ట్యాపులుంటాయి, బీరు చేసినోళ్లే స్టాల్ లో నిలబడి ఎట్లా చేసినారో చెప్తారు అని పోస్టర్ లో పెద్దక్షరాలతో ఉంది. నేను, మా బావ, ఆఫీసులో ఇద్దరు, ఇంకా మా మామ. పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్ట్, బాగేపల్లి, చిక్కబళ్లాపురం దాటి ఎండలో పడి పోయినాం.

మామ గురించి రొంత చెప్పాల. ఆయన్ని పిలుచుకొని పోయింది నేనే, ఆయన కోసమే ఇంత దూరం పోయినాం అనుకోండి. చెనిక్కాయల వ్యాపారం చేసిన మనిషి. మార్కెట్ యార్డులో నాలుగు గింజలు చేతిలో నలిపి వాసన చూసి, తేమ ఎంతుందో, సరుకు పాతదో కొత్తదో చెప్పేస్తాడు. ఎప్పుడైనా తాగితే ఒక సీసా, అంతే. నేను బెంగళూరులో పని చేసే రోజుల్లో అక్కడి మైక్రోబ్రూవరీల్లో తాగిన బీర్ల గురించి ఇంటికొచ్చినప్పుడల్లా చెప్తా ఉంటి, 2010 దాటినాక అవి అక్కడ ఒకదాని తర్వాత ఒకటి తెరిచినారు కదా. "బీరు బీరే కదరా, దాంట్లో మళ్లీ ఇన్ని రకాలేంది" అని అడుగుతా ఉండె. చూపిస్తా రా మామా అని తీసుకుపోయినా.

వ్యాన్ లో దారి పొడుగునా ఇదే మాట. బీరంటే నీళ్లు, మాల్ట్, హాప్స్ (చేదునిచ్చే ఒక రకం పూలు), ఈస్ట్, ఈ నాలుగే మామా అని మొదలుపెట్టినా. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్ట్. దాన్ని నల్లగా వేయిస్తే స్టౌట్ వస్తాది, పంచదార పాకం ఏమీ కలపకుండానే కాఫీ వాసన, డార్క్ చాక్లెట్ చేదు ఆ వేపుడులోంచే. హాప్స్ ఎక్కువేస్తే ఐపీఏ, నాలిక మీద చేదు నిలబడుతుంది. బెల్జియం వాళ్ల విట్ బీర్ లో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు అంటే మామ భలే సంబరపడినాడు, మన వంటింటి సరుకే కదరా అని. ఇంగ హెఫెవైజెన్, గోధుమ బీరు. సగానికి పైగా గోధుమ మాల్ట్ ఉంటాది, వడకట్టరు, ఈస్ట్ దాంట్లోనే తేలుతా ఉంటాది కాబట్టి గ్లాసు ఎత్తి చూస్తే అవతల పక్క కనపడదు, మబ్బు పట్టినట్టు ఉంటాది. అరటిపండు, లవంగం వాసన వస్తాది. అరటిపండు వేయరు, లవంగం వేయరు, ఆ రకం ఈస్ట్ పులిసేటప్పుడు పుట్టించే వాసన అది, పండిన అరటిపండులో వాసననిచ్చే పదార్థమే దీంట్లోనూ ఉంటాది. మామ రెండుసార్లు అడిగినాడు, "నిజంగా అరటిపండు వేయరా?" అని. ఇది ఎందుకింత రాస్తున్నానంటే తర్వాత జరిగింది మీకు అర్థం కావాలని.

లోపలికి పోతే 30 ట్యాపుల్లేవు, 4 ఉన్నాయి. పోస్టర్ లో చెప్పిన 12 బ్రూవరీల్లో ఒక్కదాని మనిషి కూడా లేడు, పోసేవాళ్లంతా నల్ల టీషర్ట్ వేసుకున్న ఈవెంట్ కుర్రోళ్లు, ఏ బీరు ఎవరు చేసినారంటే మొహాలు చూసుకుంటున్నారు. షామియానా అంచున కెగ్గులు, అంటే బీరు పీపాలు, పెట్టినారు, సగం ఎండలో ఉన్నాయి, ఐస్ లేదు, కూలర్ లేదు. పాశ్చరైజ్ చేయని బీరు అది, పాల మాదిరి చల్లగా కాపాడాల్సిన సరుకు. వేడెక్కిన కెగ్గులోంచి పోస్తే నురుగు తప్ప ఏమొస్తాది, 100 ఎంఎల్ కప్పులో సగం నురుగే, నిండుగా పోయమంటే ఇంకో టోకెన్ ఇమ్మంటారు. ఒక బీరుకీ ఇంకో బీరుకీ మధ్య నోరు కడుక్కోవడానికి నీళ్లు కావాలంటే చిన్న కప్పు 50 రూపాయలు. టేస్టింగ్ అని పిలిచి నీళ్లు అమ్మడం నేనెక్కడా చూడలే.

స్టౌట్ తాగితే పుల్లగా కొట్టింది. కావాలని పుల్లగా చేసే బీర్లు వేరే ఉన్నాయి, వాటి పులుపు శుభ్రంగా ఉంటాది, ఇది వెనిగర్ వాసన. గాలి తగిలిన బీరులో, కడగని పైపుల్లో బ్యాక్టీరియా చేరితే వచ్చే వాసన. ఐపీఏ అయిపోయిందన్నారు, మేం పోయేటప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట, గేట్లు తెరిచిందే పన్నెండుకి. విట్ ఒకటి పర్వాలేదు, ధనియాల వాసన వచ్చింది, మామ తల ఊపినాడు. సరే ఇది బాగుంది కదా, హెఫెవైజెన్ కూడా బాగుంటుందిలే అని ఆ లైన్లో నిలబడినాం. లైన్ పెద్దది.

మామకు కప్పు ఇచ్చినాడు. ఆయన నేను చెప్పినట్టే వెలుతురుకు ఎత్తి చూసినాడు. కప్పు అవతల నా మొహం కనపడుతా ఉంది. అద్దం లెక్క తేటగా, పసుపుపచ్చగా. వాసన చూసినాడు, ఒక గుక్క నోట్లో తిప్పి మింగి నా వైపు తిరిగి మెల్లగా, "అరటిపండు వాసన యాడుందిరా?" అన్నాడు. నేను తాగి చూసినా. తియ్యగా, గొంతులో వేడిగా దిగింది. అది స్ట్రాంగ్ బీరు. మన ఊర్లో 650 ఎంఎల్ సీసాల్లో దొరికే మామూలు స్ట్రాంగ్ బీరు. ఆ రుచి తెలీని మనిషి రాయలసీమలో ఎవరున్నారప్పా.

మామ గొడవ పడే రకం కాదు. కౌంటర్ మీద కప్పు పెట్టి మర్యాదగా అడిగినాడు, "బాబూ, ఇది గోధుమ బీరేనా? రొంత మబ్బుగా ఉంటాదంట కదా." ఆ కుర్రోడు తెలుగోడే. మామ పంచె వైపు చూసినాడు, చెప్పుల వైపు చూసినాడు. "ఏ ఊరు మీది?" అన్నాడు. మామ అనంతపురం అన్నాడు. వాడు పక్కనోడి వైపు తిరిగి నవ్వి, "బెల్ట్ షాపులో తాగేవాళ్లకు ఇదే ఎక్కువ. మీకు తేడా ఏం తెలుస్తుంది, తాగి జరుగు పెద్దాయనా, లైన్ ఆపొద్దు" అన్నాడు.

జరుగు అన్నాడు. అరవై దాటిన మనిషిని, 1999 కట్టి వచ్చిన మనిషిని, ఉన్న నిజం అడిగినందుకు. లైన్లో ఉన్నోళ్లు కొంతమంది నవ్వినారు కూడా. మామ ఏమీ మాట్లాడలే. కప్పు అక్కడే వదిలేసి పక్కకు పోయి కుర్చీలో కూర్చున్నాడు, మళ్లీ ఏ స్టాల్ దగ్గరికీ రాలే. ఆ లైన్లో ఉన్న అందరికంటే ముందు తేడా పట్టింది ఆయనే, జన్మలో మొదటిసారి ఆ బీరు పేరు విన్న మనిషి. తేడా తెలీదని ఆయనకే చెప్పినాడు. డబ్బు పోతే పోయింది, ఈ మాట నాకు పోదు.

నేను స్టాల్ వెనక్కి పోయినా. బ్యానర్ గుడ్డ వెనకాల సీసాల క్రేట్లు, ఒకదాని మీద ఒకటి. ఒకడు మూతలు తీసి స్టీల్ జగ్గులోకి వంపుతున్నాడు, ఇంకోడు జగ్గు ముందుకు అందిస్తున్నాడు. కౌంటర్ మీద ఉన్న హెఫెవైజెన్ ట్యాపుకు పైపే తగిలించలే, ఉత్త హ్యాండిల్. ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టినా, పది సెకన్లు కాలే, బౌన్సర్ వచ్చి ఫోన్ లాక్కొని డిలీట్ చేయించి ఇచ్చినాడు. మా బావ అడ్డం రాకపోతే ఫోన్ కూడా వచ్చేది కాదు.

అప్పుడొచ్చినాడు ఆర్గనైజర్. అన్నా అన్నా అని భుజం మీద చెయ్యేసి, "కెగ్గులు బార్డర్ దగ్గర ఆపేశారన్నా, ఎక్సైజ్ ప్రాబ్లం, మేం మాత్రం ఏం చేస్తాం" అంటాడు. ఏ బార్డర్? బ్రూవరీలు బెంగళూరులో, ఫెస్టివల్ దేవనహళ్లిలో, రెండూ కర్ణాటకే. బార్డర్ దాటి వచ్చింది మేం, కెగ్గులు కాదు. ఆ మాట అడిగితే చెయ్యి తీసేసినాడు, గొంతు మారిపోయింది, "టికెట్ వెనక చదువుకో, సబ్జెక్ట్ టు అవైలబిలిటీ అని ఉంది" అని వెళ్లిపోయినాడు. బీరు అయిపోతే అయిపోయిందని చెప్పాల. లేని బీరు పేరుతో వేరే బీరు పోయమని ఏ టికెట్ వెనక రాసుంది?

ఇది రుచి గోల ఒకటే కాదు, అది గట్టిగా చెప్పాల. హెఫెవైజెన్ లో ఆల్కహాల్ మామూలుగా 5 శాతం చుట్టూ ఉంటాది. మన దగ్గర స్ట్రాంగ్ బీరు 8 శాతం దాకా పోతాది. లైట్ బీరే కదా అని లెక్క వేసుకొని బైకుల మీద, కార్లలో వచ్చినోళ్లు ఎంతమంది ఉన్నారక్కడ. రక్తంలో 100 ఎంఎల్ కి 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మొదటిసారికే 10,000 జరిమానా, లేకుంటే జైలు, ఒక్కోసారి రెండూ. కేసు సంగతి పక్కన పెట్టినా, సాయంత్రం అయ్యేసరికి లారీలతో నిండే నేషనల్ హైవే 44 మీదికే కదా వాళ్లంతా ఎక్కేది. ఏం తాగుతున్నామో తెలీకుండా తాగించడం ఎంత పాపం.

బిల్లు సంగతి. చేతికి బ్యాండ్ కట్టి దాంట్లో మళ్లీ డబ్బు వేయించుకుంటారు, క్యాష్ తీసుకోరు. మేం అదనంగా వేసిన దాంట్లో 1400 మిగిలింది. రిఫండ్ కౌంటర్ అని బోర్డు ఉంది, మనిషి లేడు. లింక్ పంపుతామన్నారు, ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు. ఇంకోటి, బీరు బిల్లు మీద 18 శాతం జీఎస్టీ వేసినారు. తాగే మద్యం జీఎస్టీ కిందికే రాదు, దాని మీద ట్యాక్స్ రాష్ట్రానిది. ఎంట్రీ టికెట్ మీద జీఎస్టీ వేస్తే అది వేరే మాట, బీరు మీద వేసి తీసుకున్న ఆ డబ్బు ఎవరికి కట్టినట్టు? బిల్లు నా దగ్గర ఉంది, దాచినా.

బెంగళూరులో ఈ పని ప్రాణం పెట్టి చేసేవాళ్లు ఉన్నారు. ట్యాంకులు చూపించి, అడిగినదానికి ఓపిగ్గా జవాబు చెప్పి, నచ్చకపోతే ఇంకోటి పోసి ఇచ్చినోళ్లను నేను చూసినా. ఇట్లాంటోళ్ల వల్ల వాళ్ల పేరు పోతాది, మామ లాంటోళ్లు మళ్లీ ఆ పక్కకు రారు. ఆయన వ్యాన్ లో తిరిగొచ్చేటప్పుడు ఒక్క మాట కూడా అడగలే.

కర్నూలోళ్లకు చెప్పేది ఇంతే. ఈ టికెట్ మాత్రం వద్దు. ఇంకే ఫెస్ట్ కైనా పోతే ట్యాపులోంచి పోయడం కంటితో చూసినాకే టోకెన్ ఇవ్వండి, జగ్గులోంచి పోస్తే తీసుకోవద్దు. హెఫెవైజెన్ అని చెప్పి తేటగా ఉన్నది ఇస్తే తిప్పి ఇచ్చేయండి. ఎంత శాతమో అడగండి, చెప్పకపోతే తాగొద్దు, బండి మాత్రం తోలొద్దు. బ్యాండ్ లో కొంచెం కొంచెంగా వేసుకోండి, డబ్బు ఎవరి పర్సనల్ నంబర్ కో పంపొద్దు, బిల్లు పారేయొద్దు.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి కంప్లైంట్ పెడుతున్నా. నిన్న అక్కడికి వచ్చినోళ్లలో ఎవరి దగ్గరైనా ఆ క్రేట్ల ఫోటో గానీ, పైపు లేని ట్యాపు ఫోటో గానీ, జీఎస్టీ వేసిన బిల్లు గానీ ఉంటే నాకు పంపండి, అన్నీ కలిపి పెడతా. బస్ టికెట్ కి ఇప్పటికే అడ్వాన్స్ కట్టిన కర్నూలు వాళ్లు ఈరోజే వెనక్కి అడగండి, తేదీ దగ్గర పడితే వాళ్లు ఫోన్ ఎత్తరు.