మినిమం డ్యూ కడితే చాలన్నారు... క్రెడిట్ కార్డు వాడేవాళ్లు ఒక్కసారి ఇది చదవండి

అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర చిన్న జెరాక్స్ కొట్టు. రోజంతా ఊళ్లోవాళ్ల కాగితాలన్నీ నా చేతుల మీదుగానే పోతాయి, పాస్‌బుక్కులు, అడంగల్లు, లోను ఫారాలు, అలాంటిది నా కాగితం నేనే చదువుకోలేదు, అదీ సంగతి. నాలాగా ఇంకొకరు ఇరుక్కోకూడదని రాస్తున్నాను, కాస్త పొడుగైంది, ఏమనుకోకండి. బ్యాంకు పేరు మాత్రం అడగొద్దు, ఎందుకంటే ఇది ఆ ఒక్క బ్యాంకు పద్ధతి కాదు, ఏ కార్డు తీసుకున్నా లెక్క ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

మా అమ్మాయి పెళ్లి బట్టలకని నవంబరులో రాజమండ్రి వెళ్లామండి. మాల్ గుమ్మం దగ్గర టేబులేసుకుని ఓ కుర్రోడు, మంచోడే పాపం, బాబాయ్ గారూ బాబాయ్ గారూ అంటూ వెనకాలే తిరిగాడు. ఈ క్రెడిట్ కార్డు లైఫ్‌టైమ్ ఫ్రీ అండి, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు, పైగా ట్రాలీ బ్యాగు ఇస్తాం అన్నాడు. మా ఆవిడ చూపు బ్యాగు మీద పడింది, నా సంతకం కాగితం మీద పడింది. నాకెందుకో అనుమానం వచ్చి లైఫ్‌టైమ్ ఫ్రీ అన్నమాట వాట్సాప్‌లో పెట్టమన్నాను, పెట్టాడు. మొత్తం ఈ కథలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే, అది తర్వాత పనికొచ్చింది కూడా, చెప్తాను.

జనవరి 10న అసలు కథ మొదలైంది. కొత్తల్లుడు మొదటి పండక్కి వస్తున్నాడు, ఇంట్లో ఫ్రిజ్ చూస్తే డోరుకి రబ్బరు ఊడిపోయి తాడు కట్టి ఉంది. అమలాపురం షోరూముకి వెళ్లి 36,000 పెట్టి డబుల్ డోరు తీసుకుని కార్డు గీకేశాను. ఈఎంఐ పెట్టించనా అని షోరూమాయన అడుగుతుంటే పక్కనే కార్డుల వాళ్ల మనిషి ఉండి, ఎందుకు సార్ ఈఎంఐ, ప్రాసెసింగ్ ఫీజు దండగ, బిల్లు వచ్చాక మినిమం కట్టుకుంటూ వెళ్లండి చాలు అన్నాడు. ఆ 'చాలు' అన్న మాటకే నేను పడిపోయాను. పండగ బాగా జరిగింది, అల్లుడిగారిని జగ్గన్నతోట తీర్థానికి తీసుకెళ్లి ప్రభలు చూపించాం, ఫ్రిజ్ నిండా కూల్‌డ్రింకులు, మహరాజులా ఉంది.

జనవరి 20న స్టేట్‌మెంట్ వచ్చింది. టోటల్ డ్యూ అంటే మొత్తం బాకీ 36,000, మినిమం డ్యూ అంటే ఆ నెలకి కనీసం కట్టాల్సింది 1,800, కట్టాల్సిన ఆఖరు తేదీ ఫిబ్రవరి 9. మినిమం అంటే వాయిదా అనుకున్నానండి నేను, అంటే 1,800 చొప్పున ఇరవై నెలలు కడితే తీరిపోద్ది అని. తేదీకి ఒకరోజు ముందే ఫోన్ ఓపెన్ చేసి, ఆఖరు రోజైన 9కే డబ్బు వెళ్లేలా షెడ్యూల్ కూడా పెట్టాను, అంత పద్ధతిగా. ఫిబ్రవరి 20న రెండో స్టేట్‌మెంట్ వచ్చింది, చూస్తే బాకీ 36,233 ఉంది. కట్టింది 1,800, తగ్గాల్సింది పోయి 233 పెరిగింది. యాప్ పాడైందేమో అనుకుని ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేశాను కూడా.

తర్వాత మా మేనల్లుడు, కాకినాడలో చదివాడు, వాడు కూర్చోబెట్టి కొట్టులో తెల్లకాగితం మీద లెక్క వేసి చూపించాడు. నా కార్డు వడ్డీ నెలకి 3.6 శాతం. కొన్న రోజు నుంచి ఆఖరు తేదీ దాకా వడ్డీ పడని ఫ్రీ రోజులు ఉంటాయి కదా, అవి బిల్లు మొత్తం కట్టేస్తేనే, ఒక్క వెయ్యి రూపాయలు మిగిల్చినా ఆ ఫ్రీ అనేది ఉండదు, వడ్డీ ఆఖరు తేదీ నుంచి కాదు, జనవరి 10న గీకిన రోజు నుంచి పడుతుంది. జనవరి 10 నుంచి ఫిబ్రవరి 9 దాకా ముప్పై రోజులు 36,000 మీద 1,278. 1,800 కట్టాక మిగిలిన 34,200 మీద ఫిబ్రవరి 20 దాకా పదకొండు రోజులకి 445. మొత్తం వడ్డీ 1,723, దాని మీద జీఎస్టీ 18 శాతం, 310. వెరసి 2,033. మరి పెరగదేంటండి బాకీ.

అప్పుడు నాకు తట్టింది అసలు మోసం ఎక్కడుందో. మన ఊళ్లో ఎవరైనా నూటికి రెండ్రూపాయల వడ్డీ అంటేనే అమ్మో అంటాం, మూడ్రూపాయలంటే ఆ గుమ్మం తొక్కం. ఇది నూటికి మూడ్రూపాయల అరవై పైసలు, జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయల పావలా. ఏసీ మాల్‌లో టై కట్టుకుని ఇస్తే నాలుగు రూపాయల పావలా వడ్డీకి సంతకం పెట్టాను, అదే మాట ఆ కుర్రోడు మన భాషలో చెప్పుంటే బ్యాగు అక్కడే వదిలేసి వచ్చేవాణ్ణి. ఇంత వడ్డీ తీసుకోవచ్చా అని మీకు డౌటు రావచ్చు, నాకూ వచ్చింది. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఏడాదికి 30 శాతం దాటి తీసుకోకూడదని చెప్పింది కానీ, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. కాబట్టి ఆ దారి లేదు.

ఇంకో దెబ్బ ఏంటంటే బాకీ మోస్తున్న నెలల్లో కొత్తగా కొన్నవాటికి కూడా ఫ్రీ రోజులు ఉండవు. నేను ఫిబ్రవరి, మార్చిలో పెట్రోలు, కిరాణా కలిపి ఓ 4,200 అదే కార్డు మీద గీకాను, యాభై రోజులు టైముందిలే అనుకుని. ఆ కందిపప్పుకి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడిందండి. ఈ యాభై రోజుల సంగతి కూడా వినండి, అది అందరికీ యాభై కాదు. నేను 10న కొన్నాను కాబట్టి 20న బిల్లు పడి నాకు దక్కింది ముప్పై రోజులే, అదే ఫ్రిజ్ జనవరి 21న కొనుంటే ఫిబ్రవరి 20 బిల్లులో పడి మార్చి 12 దాకా, అంటే నిండా యాభై రోజులు వచ్చేవి. మీ కార్డు బిల్లు తేదీ ఏంటో తెలుసుకోండి ముందు, పెద్ద వస్తువైతే దాని మర్నాడు కొనండి.

రెండో నెల మినిమం డ్యూ 3,743 వచ్చింది, వడ్డీ, జీఎస్టీ మొత్తం, దానిపైన అసలులో 5 శాతం కలిపి. 1,800 కట్టేవాణ్ణి 3,743 అంటే ఎక్కడినుంచి తెస్తాను, స్కూలు వాళ్ల ప్రశ్నపత్రాల బిల్లు రావాలి, అది వచ్చేసరికి మార్చి 17 అయ్యింది. లేట్ ఫీజు 1,100, దాని మీద జీఎస్టీ 198. ఇక్కడ ఒక రూలు ఉంది, ఆర్‌బీఐ 2022లో పెట్టింది, ఆఖరు తేదీ దాటి మూడు రోజుల కంటే ఎక్కువైతేనే లేట్ ఫీజు వెయ్యాలి, మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్‌కి పంపాలి. నేను అయిదో రోజు కట్టాను కాబట్టి నోరు మూసుకున్నాను. మీలో ఎవరికైనా ఒకట్రెండు రోజులకే లేట్ ఫీజు వేస్తే మాత్రం ఊరుకోకండి, అడగండి, తీసేస్తారు.

మే నెలాఖరుకి మేనల్లుడు కూడితే వడ్డీలు, జీఎస్టీ, లేట్ ఫీజు కలిపి ఏడున్నర వేల పైమాటే. మా ఆవిడ ఏం మాట్లాడకుండా మెళ్లో గొలుసు తీసి బల్ల మీద పెట్టింది. బ్యాంకులో గోల్డ్ లోను పెట్టి కార్డు బాకీ మొత్తం ఒకేసారి కట్టేశాను, దాని వడ్డీ నూటికి రూపాయి కూడా పడలేదు. ఆ పని ఫిబ్రవరిలోనే చేసుంటే అయిపోయేది, గొలుసు పెడితే పరువు పోద్దని నేనే ఆగాను. ఈఎంఐకి మార్చుకున్నా ఇలా మినిమం కట్టి బాకీ నెలనెలా మోసుకుపోవడం కన్నా నయమే అండి, అబద్ధం చెప్పను. కాకపోతే వడ్డీ పడదని చెప్పే నో కాస్ట్ ఈఎంఐ అన్నా సరే ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ మన జేబులోంచే పోతాయి, ఆ రెండూ ఎంతో అడిగి అప్పుడు సరే అనండి.

మా తోడల్లుడిది ఇంకో రకం. భీమవరం వైపు రొయ్యల చెరువులు చేస్తాడు, మేత డబ్బుకి తక్కువైందని క్రెడిట్ కార్డు ఏటీఎంలో పెట్టి పది వేలు తీశాడు. ఫీజు రెండున్నర శాతం, అంటే 250 అనుకున్నాడు, కానీ మినిమం 500 అంట, జీఎస్టీతో 590, ఆ రోజు నుంచే వడ్డీ, ఒక్కరోజు కూడా ఫ్రీ లేదు. ఇక ఆ వైపు కొట్లలో కార్డు గీకించుకుని రెండు మూడు శాతం పట్టుకుని క్యాష్ చేతిలో పెట్టేవాళ్లు ఉన్నారు, ఒక కార్డు గీకి ఇంకో కార్డుకి కట్టడం, ఆ చక్రంలో దిగిన ఒకాయన ఇప్పుడు ఐదు కార్డులు మోస్తున్నాడు. అది కార్డు రూల్సుకి విరుద్ధం, బ్యాంకు వాళ్లు పట్టుకుంటే కార్డే ఆపేస్తారు. కువైట్, దుబాయ్‌లో ఉన్న మన కోనసీమ పిల్లలకి కూడా ఒక ముక్క, ఇక్కడి కార్డు అక్కడ గీకేటప్పుడు రూపాయల్లో కట్టాలా అని మిషన్ అడిగితే వద్దని అక్కడి కరెన్సీలోనే కట్టండి, చాలా కార్డులకి ఎలాగూ మూడున్నర శాతం దాకా మార్కప్ అని అదనపు ఛార్జీ పడుతుంది, దానికి తోడు షాపువాడి రేటు ఎందుకు.

ఆ లైఫ్‌టైమ్ ఫ్రీ సంగతి చెప్పలేదు కదా. బాకీ తీరిపోయి కార్డు సొరుగులో పడేశాక మళ్లీ నవంబరులో 1,179 బిల్లు వచ్చింది. యాన్యువల్ ఫీజు 999, జీఎస్టీ 180. కాగితం తీసి భూతద్దంతో చూస్తే 'మొదటి సంవత్సరం మాత్రమే' అని ఉంది. కస్టమర్ కేర్ వాళ్లు కుదరదన్నారు, ఆ ఫిర్యాదు నంబరు రాసుకుని, కుర్రోడి వాట్సాప్ మెసేజ్ ఫోటో పెట్టి బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసరుకి మెయిల్ చేశాను, ముప్పై రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్తానని రాశాను. పన్నెండో రోజున ఫీజు వెనక్కి వేశారు. అంబుడ్స్‌మన్‌కి పెట్టడానికి ఫీజేమీ ఉండదు, 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెప్తారు, కానీ ముందు బ్యాంకుకి రాసి ఉండాలి.

వెంటనే కార్డు క్లోజ్ చెయ్యమని రాశాను. బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూసెయ్యాలి, లేకపోతే రోజుకి 500 చొప్పున వాళ్లే మనకి కట్టాలి, ఇదీ 2022 రూల్సులోదే. ఆ మాట మెయిల్లో రాశాను, నాలుగో రోజుకే మూసేశారు.

కార్డే వద్దని నేను అననండి, మా మేనల్లుడు మూడేళ్లుగా వాడుతున్నాడు, ఒక్క రూపాయి వడ్డీ కట్టలేదు. వాడు చేసేదల్లా యాప్‌లో ఆటోపే, అంటే బిల్లు దానంతటదే కట్టేసేలా పెట్టేటప్పుడు మినిమం డ్యూ అన్నచోట టిక్ తీసి టోటల్ డ్యూ దగ్గర పెట్టడం, అంతే. కొత్తగా తీసుకునేవాళ్లు మాత్రం సంతకానికి ముందు ఫీజులు, వడ్డీ అన్నీ ఒక్క పేజీలో ఉన్న కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడగండి, ఇవ్వడం వాళ్ల బాధ్యత.

గొలుసు దసరాకి విడిపించామండి. ట్రాలీ బ్యాగుకి మాత్రం ఒక చక్రం ఊడింది. స్టేట్‌మెంట్ అర్థం కానివాళ్లెవరైనా మా కొట్టుకి పట్రండి, ఏ లైను ఏంటో కూర్చుని చెప్తాను, డబ్బులేమీ వద్దు. జెరాక్స్ తీయించుకుంటే మాత్రం కాపీకి రెండ్రూపాయలు.