దవడ ఎముక కోసం ఆక్సిజన్ గొట్టంలో 40 సార్లు పడుకున్నాక: 5కి 3

సెంటర్ పేరు రాయడం లేదు, ముందే చెప్పేస్తున్నా. అక్కడ పనిచేసే పిల్లలు మంచోళ్ళు. నేను తిట్టబోయేది వాళ్ళని కాదు, రిసెప్షన్ గోడ మీదున్న ఫ్లెక్సీని. హైదరాబాద్‌లో హైపర్‌బారిక్ ఆక్సిజన్ (అంటే ఒత్తిడి పెంచిన గొట్టంలో పడుకోబెట్టి ఆక్సిజన్ పీల్పించే) సెంటర్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి, మీరు ఏ దాంట్లోకి వెళ్ళినా నేను రాసింది సగమైనా పనికొస్తుంది.

నాది తెనాలి, కర్రీ పాయింట్ నడుపుతా. 2013లో బుగ్గ లోపల క్యాన్సర్ వచ్చింది. ఖైనీ పుణ్యం, ఎవర్నీ అనేదేం లేదు. ఆపరేషన్ చేసి తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టారు, 33 రోజులు, మొత్తం 66 గ్రే అని ఫైల్లో ఉంది, గ్రే అంటే రేడియేషన్ మోతాదుకి కొలత. (మీ ఫైల్లో ఈ అంకె ఎక్కడుందో వెతికి ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి, ఎందుకో కింద చెప్తా.) క్యాన్సర్ పోయింది, నోరు ఎండిపోవడం మిగిలింది, కారం తగిలితే మంట మిగిలింది, కూరలో ఉప్పూ కారం చూసే పని మా ఆవిడకి వెళ్ళిపోయింది. నేను పోపు వాసన పట్టి చెప్తా, ఆవిడ నాలిక మీద వేసుకుని చెప్తుంది, అలా తొమ్మిదేళ్ళు గడిపేశాం.

2022లో కింది దవడలో ఒక పన్ను కదిలింది. దగ్గర్లో ఉన్న పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళా. కరెంటు పెట్టించుకున్నానని చెప్పా కూడా. "అది ఎప్పటి మాటో కదండీ, ఏం కాదు" అని పీకేశారు. పన్ను ఊడింది గానీ గుంట పూడలేదు. నెల, రెండు నెలలు, మూడు నెలలు, నాలుగు సార్లు యాంటీబయాటిక్ కోర్సు. నాలిక పెడితే గరుకుగా తగిలేది, పన్ను ముక్కేదో మిగిలిపోయిందనుకున్నా. ఒకరోజు రాత్రి ముద్దపప్పు అన్నం తింటుంటే రాయి తగిలింది. మా ఆవిడ వెంటనే "ఏరే వేశానండీ" అంది. తీసి లైటు కింద చూస్తే బియ్యపు గింజకి రెండింతలుంది, పసుప్పచ్చగా, సన్న చిల్లులతో, పాత సున్నం పెచ్చులా. అది రాయి కాదు, నా ఎముక. ఖాళీ ట్యాబ్లెట్ కవర్లో పెట్టి దాచా, ఇప్పటికీ ఉంది.

క్యాన్సర్ తిరగబెట్టిందేమోనని ముక్క తీసి టెస్టుకి పంపారు, ఆ వారం రోజులు ఇంట్లో ఎవరికీ నిద్రల్లేవు. క్యాన్సర్ కాదన్నారు. దవడ మొత్తం వచ్చేలా ఓపీజీ ఎక్స్‌రే తీసి ఆస్టియోరేడియోనెక్రోసిస్ అన్నారు. పలకడం రాకపోయినా పర్లేదు, ఓఆర్ఎన్ అంటే డాక్టర్లకి అర్థమవుతుంది. కరెంటు క్యాన్సర్‌ని కాల్చేటప్పుడు ఎముకలోని సన్న రక్తనాళాలను కూడా పాడుచేస్తుందట, ఆ నష్టం ఏళ్ళ తరబడి మెల్లగా సాగుతుందట, మామూలుగా నమిలి తింటుంటే చాలాసార్లు బయటపడదు గానీ పన్ను పీకడం లాంటి దెబ్బ తగిలితే మానే శక్తి ఆ ఎముకకి ఉండదు. పై దవడకి రక్తం నాలుగు వైపుల నుంచి వస్తుంది, కింది దవడకి ముఖ్యంగా ఒకే నాళం దిక్కు, అందుకే ఇది ఎక్కువగా కిందే వస్తుంది. 60 గ్రే దాటిన చోట ప్రమాదం ఎక్కువ. ఫైల్లో అంకె చూసుకోమన్నది ఇందుకే. పదేళ్ళు దాటాయి కదా అని దీనికి గడువు తీరిపోదు.

మా సర్జన్ చచ్చిన ఎముకని గీకి తీసేయాలన్నారు, దానికి ముందు 30, తర్వాత 10 ఆక్సిజన్ సిట్టింగ్‌లు తీసుకోమన్నారు. 1983లో రాబర్ట్ మార్క్స్ అనే అమెరికా సర్జన్ ఈ జబ్బుకి కారణం ఆక్సిజన్ అందకపోవడమేనని చెప్పి ఈ పద్ధతి పెట్టారట. తెనాలిలో కర్రీ పాయింట్ మా ఆవిడకి వదిలేసి మియాపూర్‌లో అమ్మాయి ఇంట్లో దిగా.

మొదట మా అల్లుడు ఒక వెల్‌నెస్ సెంటర్‌కి తీసుకెళ్ళాడు, మంచి మనసుతోనే. అక్కడ గాలి ఊదిన పెద్ద సంచి ఉంటుంది, అందులో పడుకోబెట్టి జిప్పు వేస్తారు. సోఫాలు, సన్నాయి సంగీతం, గ్రీన్ టీ. అమ్మాయి ఫార్మసీ చదివింది, ఒకటే అడిగింది, ప్రెజర్ ఎంత అని. మామూలు గాలి ఒత్తిడికి 1.3 రెట్లు అన్నారు. దవడకి వాడే పద్ధతిలో 2.4 ఉండాలి, నీళ్ళల్లో 14 మీటర్ల లోతున ఎంత ఒత్తిడి ఉంటుందో అంత, అది కూడా 100 శాతం ఆక్సిజన్‌తో, గంటన్నర. సంచిలో అది జరిగే పని కాదు. గ్రీన్ టీ చల్లార్చుకుని తాగి వచ్చేశాం.

రెండోది అసలైన సెంటర్. గాజులా కనిపించే అక్రిలిక్ గొట్టం, మంచం లోపలికి జారుతుంది, తలుపు బిగిస్తారు. ముందు ఛాతీ ఎక్స్‌రే చూశారు, చెవులు చూశారు, నాకు షుగర్ ఉంది కాబట్టి ప్రతిసారీ వేలు గుచ్చి చూసేవాళ్ళు, ఎందుకంటే లోపల షుగర్ పడిపోవచ్చట. ఈ జాగ్రత్తలకి పూర్తి మార్కులు. వాళ్ళిచ్చిన కాటన్ బట్టలే వేసుకోవాలి, ఫోన్, వాచీ, సెంటు, ఏదీ కుదరదు, అంత ఆక్సిజన్‌లో చిన్న నిప్పురవ్వ చాలు. రెండో రోజు అలవాటు కొద్దీ తలకి కొబ్బరినూనె రాసుకెళ్తే వెనక్కి పంపేశారు, వెళ్ళి తలంటుకుని రమ్మన్నారు. మియాపూర్ నుంచి రానూ పోనూ మెట్రో ఛార్జీ దండగ. కోపం వచ్చింది గానీ వాళ్ళదే రైటు.

ఇక అసలు సంగతి, నేను ఈ రివ్యూ రాయడానికి కారణం. ప్రెజర్ ఎక్కించే మొదటి పది పదిహేను నిమిషాలు చెవులు దిబ్బడ వేస్తాయి, వాటిని తెరిపించుకుంటూ ఉండాలి. మైకులో టెక్నీషియన్ కుర్రాడు "అంకుల్, గుటకలు వేయండి" అంటాడు. గుటక వేయడానికి నోట్లో ఉమ్మి ఉండాలి కదా, నాకు లేదు. "పోనీ ఆవలించండి అంకుల్" అంటాడు. ఆవలించాలంటే నోరు తెరుచుకోవాలి. కరెంటు తర్వాత దవడ కండరాలు బిగుసుకుపోయి నా నోట్లో రెండు వేళ్ళు కూడా పట్టవు. ముక్కు మూసుకుని ఊదమన్నాడు, అది కొంచెం పనిచేసింది, కానీ ఎడమ చెవి ఎంతకీ తెరుచుకోక సూది పెట్టి పొడిచినట్టయింది, చెయ్యి ఊపి ఆపించా. మొదటి రోజు సిట్టింగ్ వేస్టు, డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. నెలకి ఎంతమంది దవడ పేషెంట్లు వస్తారో అడిగితే చాలామందే వస్తారన్నాడు. మరి నోరు ఎండినవాడికి చెవులు ఎలా తెరిపించాలో ఒక్కరికీ తోచలేదా?

మూడో రోజు డాక్టర్‌తో మాట్లాడి నీళ్ళ సీసా ఒప్పించా. ప్లాస్టిక్ సీసా, మూత వదులుగా ఉంచి. ఒక్కో గుక్క నీళ్ళు తాగుతూ ఉంటే చెవిలో చిన్నగా టప్ మని తెరుచుకునేది. అంతే, ఆ తర్వాత 38 సార్లూ ఇబ్బంది లేదు. మీరు దవడ కోసం వెళ్తుంటే మొదటి రోజే నీళ్ళ గురించి అడగండి, ప్రెజర్ మెల్లగా ఎక్కించమని అడగండి, ఇవ్వడం కుదరదంటే ఎందుకు కుదరదో డాక్టర్‌తోనే చెప్పించుకోండి. లోపల బోరు మామూలుగా ఉండదు. బయట గోడకి టీవీ ఉంది, అందులో ఎప్పుడూ వంటల ప్రోగ్రామే. నమిలే భాగ్యం లేనివాణ్ణి గొట్టంలో పడుకోబెట్టి చికెన్ ఫ్రై చూపిస్తారు. ఐదో రోజు ఛానల్ మార్పించా.

ఇంకో మార్కు తగ్గించింది కళ్ళ విషయంలో. 20 సిట్టింగ్‌లు దాటాక మెట్రో స్టేషన్‌లో బోర్డు మసకగా కనపడింది, దానికి బదులు పేపరు కళ్ళజోడు లేకుండా చదివేస్తున్నా! నాకు వయసు తగ్గుతోందనుకున్నా. అడిగితే అప్పుడు చెప్పారు, ఆక్సిజన్ వల్ల కొందరికి కొన్నాళ్ళు దూరపు చూపు తగ్గుతుందని, సిట్టింగ్‌లు ఆపాక మళ్ళీ వస్తుందని. రెండు నెలలకి వచ్చేసింది కూడా. కానీ ముందు చెప్పకపోతే ఎలా, నేను కళ్ళద్దాల షాపుకి వెళ్ళి నాలుగు వేలు తగలేసేవాణ్ణే.

డబ్బు సంగతికొస్తే, సిట్టింగ్‌కి 3,000. మొత్తం 40 ఒకేసారి కడితే డిస్కౌంటు, మధ్యలో ఆపితే తిరిగి ఇవ్వరు. నేను పదేసి చొప్పున కట్టా, మీరూ అలాగే కట్టండి. ఇన్సూరెన్స్ వాళ్ళు పైసా ఇవ్వలేదు.

ఇప్పుడు ఫ్లెక్సీ. జుట్టు రాలడం, ముడతలు, మతిమరుపు, మోకాళ్ళ నొప్పులు, వాటి మధ్యలో "దవడ ఎముక మళ్ళీ పెరుగుతుంది, ఆపరేషన్ అవసరం లేదు" అని. అది చూసి ఒక పెద్దావిడ, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చింది, చుట్ట అడ్డపొగ (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని) తాగే అలవాటుతో అంగిట్లో క్యాన్సర్ వచ్చి తగ్గిందట, ఇప్పుడు ఎముక బయటపడితే ఆపరేషన్ తప్పుతుందని పుస్తెలు తాకట్టు పెట్టి వచ్చానంది. నాకు తిన్నది లోపలికి పోలేదు. అమ్మాయి రాత్రి కూర్చుని చదివి చెప్పింది. ఫ్రాన్స్‌లో ఈ జబ్బున్న 68 మంది మీద చూసి 2004లో ఫలితాలు రాశారు, ఏడాదికి మానినవాళ్ళు ఆక్సిజన్ తీసుకున్న వాళ్ళల్లో 19 శాతం, ఉత్తుత్తి గాలి తీసుకున్న వాళ్ళల్లో 32 శాతం, ఆ ట్రయల్ మధ్యలోనే ఆపేశారు. బ్రిటన్‌లో ఈ జబ్బు రాకుండా ఆపుతుందేమోనని 144 మందితో చేసినదాని ఫలితాలు 2019లో వచ్చాయి, ఆక్సిజన్ ఉన్నా లేకపోయినా దాదాపు ఒకటే, జబ్బు వచ్చినవాళ్ళు 6.4 శాతం, 5.7 శాతం. మరి నేనెందుకు వెళ్ళానంటే, మా సర్జన్ గ్యారంటీ ఇవ్వలేదు. "ఆపరేషన్‌కి తోడుగా కొందరికి పనిచేయడం చూశాను, అంతే" అన్నారు. ఆ మాటకి నేను లక్షా ఇరవై వేలు పెట్టగలను, ఫ్లెక్సీ మాటకి పెట్టను.

నాకేం జరిగిందంటే, 30 అయ్యేసరికి చీము ఆగింది, రాత్రి మూడింటికి లేచి నొప్పి బిళ్ళ వేసుకోవడం పోయింది, గుంట మాత్రం పూడలేదు. ఎముక గీకి తీశారు, ఇంకో 10 తీసుకున్నా, చిగురు కప్పుకుంది. దాంతో పాటు రక్తం సాఫీగా పారడానికి ఇచ్చే పెంటాక్సిఫిలిన్ 400 రోజుకి రెండు, విటమిన్ ఇ గోళీలు, అదే ఆడవాళ్ళు మొహానికి రాసుకునే ఆ పచ్చ గోళీలు, అవి డాక్టర్ రాసిచ్చినవి, నేను రాశానని మీరు కొనుక్కోకండి, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ప్రమాదం. ఇందులో ఆక్సిజన్ వాటా ఎంత అంటే ఏం చెప్తాం, సాంబారు రుచి ములక్కాడదా ఇంగువదా అన్నట్టుంటుంది.

చవకగా పనికొచ్చినవి రెండు. ఒకటి, రాత్రి పళ్ళకి పెట్టుకునే ఫ్లోరైడ్ జెల్. ఉమ్మి లేని నోట్లో పళ్ళు పుచ్చిపోతాయి, పుచ్చితే పీకాలి, పీకితే మళ్ళీ ఇదే కథ. రెండోది ఐస్‌క్రీం పుల్లలు. కట్టగా పెట్టి పళ్ళ మధ్య దోపుకుని కూర్చోవడం, పూటకి ఐదు నిమిషాలు, వారానికోసారి ఒక పుల్ల పెంచే ప్రయత్నం. తొమ్మిది పుల్లలతో మొదలెట్టా, ఇప్పుడు పదమూడు. దోసె ముక్క చిన్నది తుంపి పెడితే వెళ్తుంది, వడ ఇంకా వెళ్ళదు. దవడ విరిగితే కాలి ఎముక ముక్క తీసి దవడలో అతుకుతారట, అంతదాకా రాకూడదని మెత్తటి తిండే తింటున్నా.

మూడు స్టార్లు అందుకే, టెక్నీషియన్ కుర్రాడికి ఒకటి, నర్సులకి ఒకటి, ప్రెజర్ నిజంగా 2.4 ఉన్నందుకు ఒకటి. లిఫ్టు రెండు వారాలు పనిచేయలేదు, అది లెక్కలోకి తీసుకోలేదు. మొన్న వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది, పాత పేషెంట్లకి పండగ ఆఫర్, పది సిట్టింగ్‌ల మీద రెండు ఫ్రీ అని. ఫ్లెక్సీ తీశారా అని అడిగా. బ్లూ టిక్ పడింది.