గ్రామఫోన్ స్పేర్ పార్టులు: పాతదా, కొత్తదా, ఉన్నదాన్నే బాగుచేసుకోవాలా?

కీ ఇచ్చే పాత గ్రామఫోన్ చేతికొచ్చాక మొదటి నెల సరదాగా గడిచిపోతుంది. రెండో నెలలో పాట మధ్యలో లోపలెక్కడో ధబ్‌మని చప్పుడవుతుంది, అక్కణ్నుంచి పార్టుల వేట మొదలు. ఉన్న దారులు మూడే: పాడైపోయిన ఇంకో మిషన్‌లోంచి ఊడదీసిన ఒరిజినల్, ఇప్పుడు కొత్తగా తయారు చేసి అమ్ముతున్నది, లేదా మన మిషన్‌లో ఉన్నదాన్నే బాగుచేసుకోవడం. వీటిలో ఏది మేలంటే చాలామంది కళ్లు మూసుకుని ఒరిజినలే అంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనేవాణ్ని. ఇప్పుడు మాత్రం, ముందు ఏ పార్టో చెప్పండి అంటాను.

స్ప్రింగ్ అయితే కొత్తదే కొనండి, ఇందులో నాకు రెండో మాట లేదు. దశాబ్దాల తరబడి చుట్టుకుని ఉన్న ఉక్కుపట్టీ అలిసిపోతుంది. డ్రమ్ములోంచి (స్ప్రింగ్‌ను చుట్టి పెట్టే గుండ్రటి డబ్బాలోంచి) బయటికి తీయగానే జీవమున్న స్ప్రింగ్ వెడల్పుగా విచ్చుకుంటుంది, అలిసిపోయినది చుట్టలాగే పడి ఉంటుంది. వేరే మిషన్‌లోంచి తీసిన పాత స్ప్రింగ్ కొనడమంటే ఆ అలసటను డబ్బులిచ్చి తెచ్చుకోవడమే. కానీ ధబ్‌మంది కదా అని వెంటనే ఆర్డర్ పెట్టకండి. చాలాసార్లు స్ప్రింగ్ బాగానే ఉంటుంది, లోపలి గ్రీజు ఎండి జిగురైపోయి చుట్లు ఒకదానికొకటి అతుక్కుని, ఒక్కసారిగా విడిపోయినప్పుడు వచ్చే చప్పుడది. శుభ్రంగా కడిగి కొత్త గ్రీజు పెడితే ఆగిపోతుంది. నిజంగా విరిగినా, లోపలి కొస దగ్గర ఓ రెండు అంగుళాల్లోపు విరిగితే మిగిలిన స్ప్రింగ్ కొసను మంట మీద కాల్చి మెత్తబరిచి కొత్త కన్నం చేసుకోవచ్చు, మధ్యలో విరిగితే మాత్రం ఆశ వదులుకోవాలి. డ్రమ్ము విప్పేముందు కీ బిగువంతా పూర్తిగా దించేయాలి, లేకపోతే ఆ పట్టీ వేళ్లు కోసేస్తుంది.

కొత్త స్ప్రింగ్ కొనడంలో నేను చేసిన తప్పు చెప్తాను. మోడల్ పేరు చెప్పి తెప్పించుకున్నా. వెడల్పు 25 మిల్లీమీటర్లు, సరిగ్గా సరిపోయింది. తీరా ఎక్కిద్దామని చూస్తే నా డ్రమ్ము గోడకు చిన్న కొక్కెం ఉంది, దానికి స్ప్రింగ్ బయటి కొసలో కన్నం కావాలి, వచ్చిన దానికేమో కన్నం లేదు, కొస టీ ఆకారంలో ఉంది. రెండు గంటలు నల్ల గ్రీజులో చేతులు ముంచి కూర్చున్నాక తెలిసిన సంగతి ఇది. ఆ కాలంలో చాలా కంపెనీలు స్ప్రింగ్‌తో తిరిగే ఈ మోటార్లను గారార్డ్ లాంటి తయారీదారుల దగ్గర కొనుక్కుని బిగించుకునేవి, కాబట్టి పెట్టె మీది పేరును నమ్మకండి, మోటారు మీద ఏం ముద్ర ఉందో చూడండి. ఆ తర్వాత వెడల్పు, మందం, పొడవు, డ్రమ్ము లోపలి వ్యాసం, రెండు కొసల ఆకారం కొలుచుకోండి. మందం దగ్గర అస్సలు రాజీ పడొద్దు. స్ప్రింగ్ బలం మందానికి ఘనంగా పెరుగుతుంది, అంటే 0.55 మిల్లీమీటర్ల బదులు 0.60 వేస్తే బిగువు దాదాపు 30 శాతం పెరుగుతుంది, ఆ భారమంతా గేరు పళ్ల మీద పడుతుంది.

సౌండ్ బాక్స్ (సూది కదలికకు లోపలి రేకు వణికి పాట పలికే గుండ్రటి డబ్బా) దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. ఇక్కడ ఉన్నదాన్ని బాగుచేసుకోవడమే మేలు. గరగరమని మోగుతుంటే ముందు లోపలి రబ్బరు గాస్కెట్లు చూడండి, అవి గట్టిపడి ఎండిన కొమ్మల్లా విరిగిపోతుంటాయి. మెత్తటి కొత్త రబ్బరు గొట్టం వేస్తే సగం సమస్య అక్కడే తీరిపోతుంది. అభ్రకం రేకు పొరలు విడిపోయి తెల్లమచ్చలు పడితేనే రేకు మార్చాలి. విక్టర్ కంపెనీ ‘ఎగ్జిబిషన్’ మోడల్ సౌండ్ బాక్స్‌కు నకళ్లుగా కొత్తగా చేసి అమ్మేవి చూడ్డానికి తళతళలాడతాయి, నేను విన్నవైతే రేకుడబ్బాలో పాడినట్టు పాడాయి. (కుక్క బొమ్మ అంటించి పాతకాలం సరుకని అమ్మే నకిలీ మిషన్ల మీద ఉండేవి కూడా ఎక్కువగా ఇవే.)

పాత సౌండ్ బాక్సుల్లోనూ ఒక గొడవుంది. 1925లో వచ్చిన విక్టర్ ఆర్థోఫోనిక్ లాంటి వాటిలో జింకు కలిపిన పోత లోహం వాడారు. ఆ జింకులో సీసం లాంటి మలినాలుంటే లోహం ఏళ్లు గడిచేకొద్దీ లోపల్నుంచి ఉబ్బుతుంది, చిట్లుతుంది. మీది చిట్లితే ఇంకో మిషన్‌లోంచి అదే పార్టు తెచ్చుకున్నా దానికీ అదే రోగం, ఇవాళ కాకపోతే రేపు. అలాంటి చోట కొత్తగా ఇత్తడితో చేసిన పార్టు దొరికితే ఒరిజినల్ మోజు పక్కనపెట్టి అదే కొనుక్కోండి.

పళ్లెంలాంటి రికార్డు బదులు గొట్టంలాంటి సిలిండర్‌ను వాయించే ఫోనోగ్రాఫ్ అయితే ముందు చూడాల్సింది పాతా కొత్తా కాదు. ఎడిసన్ రెండు నిమిషాల సిలిండర్‌కు అంగుళానికి 100 గాడులు, 1908లో వచ్చిన నాలుగు నిమిషాల ఆంబెరాల్‌కు 200. మొదటిదానికి మోడల్ సి రీప్రొడ్యూసర్ (ఈ మిషన్లలో సౌండ్ బాక్స్ పని చేసేది), రెండోదానికి మోడల్ హెచ్. ఇవి తారుమారైతే పార్టు కాదు, సిలిండరే పోతుంది.

గేర్లకు మాత్రం వేరే మిషన్‌లోంచి తీసిన ఒరిజినలే. కొత్తగా కోయించినా పళ్ల కోణం సరిగ్గా కుదరడం కష్టం, కుదరకపోతే మోటారు పాటతో పాటు తనూ పాడుతుంది. గవర్నర్‌కు (మోటారు వేగాన్ని అదుపులో ఉంచే, తిరిగే బరువులున్న భాగం) ఉండే మూడు పల్చటి పట్టీ స్ప్రింగులు కొత్తవి తీసుకోండి. ఒకటే విరిగినా మూడూ ఒకే మందంలో మార్చాలి, లేకపోతే బరువులు అటూ ఇటూ లాగి ప్లేటు వణుకుతుంది. బ్రేకులా రాసుకునే తోలు ముక్క సంగతి ఆలోచించక్కర్లేదు, కొత్తది కోసి నూనెలో నానబెట్టి వేసేయండి.

కీ హ్యాండిల్ కొత్తదైనా పర్లేదు, మర ఒకటే అయితే చాలు. కానీ చేత్తో తిప్పితే సాఫీగా ఎక్కాలి. మూడో చుట్టుకే బిగుసుకుంటే అది మీ మిషన్‌ది కాదు, పట్టకారు తీశారంటే హ్యాండిల్‌తో పాటు మోటారులోని మర కూడా పోతుంది.

అన్నీ బిగించాక స్ట్రోబ్ కాగితం (వేగం సరిచూసుకోవడానికి చుట్టూ గీతలు గీసిన గుండ్రటి కాగితం) ఒకటి ప్లేటు మీద పెట్టి, మినుకుమనే పాతరకం బల్బు కింద తిప్పి చూడండి. కరెంటు 50 హెర్ట్జ్ అయితే 77 గీతలది, 60 అయితే 92 గీతలది. గీతలు కదలకుండా నిలబడితే నిమిషానికి 78 చుట్ల వేగం కుదిరినట్టే. నాది రెండో రికార్డు సగానికి వచ్చేసరికి గీతలు మెల్లగా వెనక్కి జరుగుతున్నాయి. ఆ కన్నం గల స్ప్రింగు ఇంకా రాలేదు, ప్రస్తుతానికి పాతదే లాగుతోంది.