ప్రాగ్ పాతపట్నంలో రెండు కాలినడక పర్యటనలు, ఒక మారకపు దుకాణం

చెక్ దేశపు రాజధాని ప్రాగ్ నగరానికి వెళ్ళబోయే తెలుగువారికి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బసలో పొదుపు చేసుకోండి, భోజనంలో చేసుకోండి, కాని ఊరు నడిపించి చూపించే మనిషి విషయంలో మాత్రం చేయకండి. 2024 మే మొదటి వారంలో మావారు, మామయ్యగారు, కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి, నేను కలిసి అక్కడికి వెళ్ళినప్పుడు ఒకే పాతపట్నాన్ని ఇద్దరు వేర్వేరు గైడ్ల వెంట నడిచి చూశాము. ఆ రెండు నడకలకూ ఉన్న తేడా వల్లనే ఇది రాస్తున్నాను.

మొదటిది "ఉచితం" అని పిలిచే పర్యటన. రుసుము ఉండదు, చివరలో మనకు తోచినంత ఇవ్వాలి. రంగుల గొడుగు పట్టుకున్న యువకుడి వెనుక దాదాపు నలభై మందిమి నడిచాము. వెనుక వరుసలో ఉన్న మామయ్యగారికి అతని మాటల్లో సగం వినిపించలేదు, మిగతా సగం హాస్యోక్తులు. ఖగోళ గడియారం దగ్గర నిలబెట్టి, దానిని హనుష్ అనే పండితుడు చేశాడని, అటువంటిది మరొక ఊరికి చేసిపెట్టకుండా నగర పెద్దలు అతని కళ్ళు పొడిపించారని చరిత్ర చెప్పినట్టే చెప్పాడు. తరువాత ఒక గాజు సామాను దుకాణం ముందు మమ్మల్ని ఇరవై నిమిషాలు ఆపి, "ఇక్కడ నా పేరు చెబితే తగ్గింపు ఇస్తారు" అన్నాడు. చివరలో డబ్బుల కోసం టోపీ చేతులు మారుతూ మా ముందుకు వచ్చినప్పుడు అందరూ చూస్తుండగా తక్కువ వేయడానికి ఎవరికీ చేయి రాదు. మేము నలుగురికి 800 కొరునాలు (అక్కడి డబ్బు) ఇచ్చాము. మే నెల మారకం లెక్కన అది సుమారు 2,900 రూపాయలు, అంటే ఆ ఉచితం అంత ఉచితమేమీ కాదు. ఒంటరిగా తిరిగే కుర్రవాళ్ళకు అది చాలునేమో గాని, పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి నేను సిఫారసు చేయను.

మరునాడు మాకు మాత్రమే ఒక గైడును కుదుర్చుకున్నాము. మూడు గంటలకు 3,200 కొరునాలు. "నిన్న నడిచిన దారికే ఇవాళ నాలుగింతలు ఇవ్వాలా?" అని మావారు పొద్దున్నే ముఖం ముడుచుకున్నారు. ఆమె చరిత్ర చదువుకున్న నడివయసు చెక్ మహిళ. వచ్చీ రాగానే మామయ్యగారి నడక ఎంతసేపు సాగుతుందో, దారిలో ఎక్కడ కూర్చోగలమో అడిగి తెలుసుకుని, దాని ప్రకారం దారి మార్చింది. పాతపట్నపు వీధులన్నీ చిన్న చిన్న రాతిదిమ్మలు పరిచినవి కాబట్టి పలుచని అడుగుల చెప్పులతో అరగంట కూడా నడవలేరన్న సంగతి కూడా ఆమె ముందే చెప్పింది.

గడియారం దగ్గర ఆమె మొదట చేసిన పని హనుష్ కథను పక్కకు పెట్టడం. ఆ యంత్రం 1410 నాటిదని, కదాన్ ఊరికి చెందిన మికులాష్ అనే గడియారాల పనివాడు దానిని నిర్మించాడని, ఖగోళ గణితంలో షిండెల్ అనే విశ్వవిద్యాలయ పండితుడు తోడ్పడ్డాడని చెబుతారని, కళ్ళు పొడిచిన సంగతి తరువాత పుట్టిన కట్టుకథ అని వివరించింది. గంట కొట్టినప్పుడు కిటికీల్లో క్రీస్తు శిష్యులైన అపొస్తలుల బొమ్మలు తిరగడం, అస్థిపంజరం తాడు లాగడం, చివర కోడి కూయడం ఒక్క నిమిషంలో అయిపోతాయి. అక్కడ చేరిన వందల మంది ఫోన్లు పైకెత్తి ఆ నిమిషం కోసమే నిలబడతారు, జేబుదొంగలకు కూడా అదే అదను. ఆమె మమ్మల్ని గంట కొట్టడం అయ్యాక, జనం చెదిరిన తరువాత దగ్గరకు తీసుకువెళ్ళింది. ఇది చాలా మంచి పద్ధతి. బొమ్మల ఆటను దూరం నుంచి ఒకసారి చూసి, గడియారపు ముఖమైన గుండ్రటి పళ్ళాన్ని జనం లేనప్పుడు తీరికగా చూడాలి.

ఎందుకంటే అసలు విషయమంతా ఆ పళ్ళంలోనే ఉంది. భూమిని మధ్యలో పెట్టి, చుట్టూ సూర్యచంద్రులను, రాశిచక్రాన్ని తిప్పే యంత్రమది. బయటి వలయంలోని బంగారు అంకెలు ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా ఉంటాయి. అవి పాత చెక్ కాలమానం. ఆ లెక్కలో సూర్యాస్తమయంతో రోజు ముగిసి కొత్త రోజు మొదలవుతుంది, అస్తమయం ఋతువును బట్టి మారుతుంది కాబట్టి ఆ వలయం కూడా ఏడాది పొడుగునా ముందుకూ వెనుకకూ జరుగుతూ ఉంటుంది. ఇది వినగానే అంతవరకు మోకాలి నొప్పి గురించి తప్ప మాట్లాడని మామయ్యగారు నిటారుగా నిలబడ్డారు. మన పంచాంగంలో ఘడియలను సూర్యోదయం నుంచి లెక్కిస్తామని, ఒక ఘడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలని ఆమెకు చెప్పారు. అంతలో ఆమె బంగారు సూర్యబింబాన్ని చూపించి, ఇప్పుడు సూర్యుడు వృషభంలో ఉన్నాడు చూడండి అన్నది.

"కాదమ్మా, ఇంకా మేషంలోనే ఉన్నాడు. వృషభ సంక్రమణానికి వారం పైనే ఉంది" అన్నారు మామయ్యగారు.

ఇద్దరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. చివరకు ఆయనే చిక్కు విప్పారు. ఆ గడియారం విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే స్థానం) నుంచి రాశులను కొలిచే సాయన లెక్కను అనుసరిస్తుంది, మన పంచాంగాలు నక్షత్రాల ఆధారంగా నడిచే నిరయన లెక్కను అనుసరిస్తాయి, రెండింటికీ మధ్య ఇప్పుడు అయనాంశ అని పిలిచే సుమారు ఇరవై నాలుగు డిగ్రీల తేడా ఉంది. అందుకే మేషం మనకు ఏప్రిల్ 14 ప్రాంతంలో మొదలైతే, అక్కడ మార్చి 21 ప్రాంతంలోనే మొదలవుతుంది. ఆమె తన చిన్న పుస్తకంలో బొమ్మ గీయించుకుని మరీ రాసుకుంది. ఎన్నో ఏళ్ళుగా ఆ గడియారం ముందు నిలబడి మాట్లాడుతున్నా ఈ ప్రశ్న ఎవరూ తేలేదన్నది. "అమ్మాయీ, విమానం టికెట్టు గిట్టిందే" అన్నారు మామయ్యగారు నాతో.

ఇంత జరుగుతున్నా మావారు మాత్రం జేబులోని ఒక రసీదును తీసి చూస్తూ, మళ్ళీ పెట్టుకుంటూ ఉన్నారు. గైడుకు నగదు ఇవ్వాలని ఆయన ఆ ఉదయం ఒక మారకపు దుకాణంలో 200 యూరోలు మార్చారు. బయట బోర్డు మీద కమీషను సున్నా అని పెద్ద అక్షరాలు, పక్కన ఆకర్షణీయమైన రేటు ఉన్నాయి. అది వారు యూరోలు అమ్మే రేటు. కొనే రేటు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ రోజు యూరోకు సుమారు 25 కొరునాలు రావలసి ఉండగా 19 చొప్పున లెక్కగట్టి 3,800 చేతిలో పెట్టారు. నష్టం దాదాపు 1,200 కొరునాలు, అంటే నాలుగు వేల రూపాయలకు పైమాట. రేటు ఇదేమిటని ఆయన అడిగితే, సంతకం పెట్టారు కదా అని అద్దం వెనుక మనిషి తల కూడా ఎత్తలేదట.

గైడు ఆ రసీదు మీది సమయం చూసి పర్యటన ఆపేసింది. చెక్ దేశంలో 2019 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న సవరణ ప్రకారం, వెయ్యి యూరోల విలువ వరకు నగదు మారకాన్ని మూడు గంటల లోపల కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. దుకాణం వారు దానికి రుసుము తీసుకోకుండా అదే రేటుకు వెనక్కి తీసుకోవాలి. మాకు ఇంకా గంటకు పైగా వ్యవధి ఉంది. ఆమె మమ్మల్ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళింది. మొదట కంప్యూటరు పనిచేయడం లేదన్నారు, తరువాత మేనేజరు లేడన్నారు. ఆమె గొంతు పెంచలేదు. చెక్ భాషలో రెండు మూడు వాక్యాలు మాట్లాడింది, వాటిలో మాకు అర్థమైనది వాళ్ళ దేశపు కేంద్ర బ్యాంకు పేరు ఒక్కటే. మారకపు దుకాణాలను తనిఖీ చేసేది ఆ బ్యాంకేనట. ఐదు నిమిషాల్లో 200 యూరోలూ మా చేతికి వచ్చాయి. ఆ పని మీద పోయిన పాతిక నిమిషాలను ఆమె మూడు గంటల్లో కలుపుకోలేదు.

కాబట్టి రసీదును పారేయకండి, ఇచ్చిన నోట్లను ఖర్చు పెట్టకండి, గడియారం చూసుకోండి. అసలు ఆ దుకాణాల జోలికి పోకుండా ఏదైనా బ్యాంకు సొంత ఏటీఎంలో డబ్బు తీసుకోవడం మేలు. మీ దేశపు కరెన్సీలో లెక్కగట్టమంటారా అని యంత్రం అడిగితే వద్దు అనే మీట నొక్కండి. వీధి మలుపుల్లో విడిగా నిలబెట్టిన ఏటీఎంలు మారకపు దుకాణాలకు తమ్ముళ్ళే.

అక్కడి నుంచి మావారు మనిషే మారిపోయారు. పాతపట్నపు కూడలి నేలలో పరచిన ఇరవై ఏడు తెల్లని శిలువల కథను అందరికంటే శ్రద్ధగా విన్నది ఆయనే. 1620లో తెల్లకొండ యుద్ధంలో ఓడిన ప్రొటెస్టెంటు తిరుగుబాటు నాయకులను 1621 జూన్ 21న అక్కడ వధించారు. వారిలో పన్నెండు మంది తలలను చార్లెస్ వంతెన మొదట్లోని బురుజుకు వేలాడదీశారు. ఆమె కథలో ఈ సగాన్ని కూడలిలో చెప్పకుండా దాచి, బురుజు కిందకు చేరాక తల పైకెత్తించి చెప్పింది. వంతెనకు 1357లో నాలుగవ చార్లెస్ చక్రవర్తి పునాది వేశాడని, దాని మీది ముప్పై విగ్రహ సముదాయాల్లో చాలావరకు ఇప్పుడు నకళ్ళని, మూలాలను వానలకు పాడవకుండా మ్యూజియంలో ఉంచారని కూడా అక్కడే విన్నాము. వంతెన మీద జనం మాత్రం మన తిరనాళ్ళను మించి ఉన్నారు. ఉదయం ఏడు గంటలకు ముందు వెళ్ళగలిగితే వెళ్ళండి.

యూదుల వాడకు ఆమె దారి చూపించి, లోపలికి మమ్మల్ని మాత్రమే వెళ్ళమన్నది, అక్కడ మాటలు అక్కర్లేదని. పింకాస్ ప్రార్థనామందిరపు గోడల నిండా నాజీల చేతిలో చనిపోయిన చెక్ ప్రాంతాలైన బొహీమియా, మొరావియాలకు చెందిన దాదాపు 78,000 మంది యూదుల పేర్లు రాసి ఉన్నాయి. మా అమ్మాయి పై అంతస్తులో తెరెజీన్ అనే ఊళ్ళో నాజీల నిర్బంధంలో ఉన్న పిల్లలు గీసిన బొమ్మల ముందు చాలాసేపు ఉండిపోయింది, ఆ సాయంత్రమంతా ఫోను తీయలేదు.

భోజనం సంగతి: శాకాహారులకు వేయించిన జున్ను (చీజ్), బంగాళాదుంపల సూప్ దొరుకుతాయి, కాని సూప్‌ను మాంసపు రసంతో కాస్తారేమో అడిగి మరీ తీసుకోండి. ఇనుప కడ్డీకి చుట్టి కాల్చి, చక్కెర అద్ది అమ్మే గొట్టపు రొట్టెను ప్రాచీన బొహీమియా వంటకమని బోర్డులు రాస్తారు. ప్రాగ్‌కు అది ఈమధ్య పర్యాటకుల కోసం వచ్చినదే. ఒక్కొక్కటి 150 కొరునాలు పెట్టి మావారు సంతోషంలో నాలుగు కొన్నారు, ఒకటి చాలేది. బస జిజ్‌కోవ్ పేటలో, ట్రాము స్టాపు పక్కన, శుభ్రంగా ఉంది. గది అద్దె మీద మనిషికి రాత్రికి 50 కొరునాల నగర పన్ను విడిగా కట్టాలి.

కొండ మీది ప్రాగ్ కోటను కూడా అదే మూడు గంటల్లో చుట్టేయమని గైడును అడగవద్దు. దానికి మరొక పూట కేటాయించి, కొండ ఎక్కలేని పెద్దవాళ్ళుంటే 22వ నంబరు ట్రాములో ప్రాజ్‌స్కీ హ్రాద్ స్టాపు దాకా వెళ్ళండి. అక్కడి నుంచి నడక దాదాపు చదునే. మేము కొన్న తొంభై నిమిషాల కాగితపు టికెట్టు అప్పట్లో, 2024లో, 40 కొరునాలు. ఎక్కగానే దానిని పసుపుపచ్చ యంత్రంలో ముద్ర వేయించుకోవాలి, వేయించుకోని టికెట్టు ఉన్నా లేనట్టే లెక్క.