గేమ్ ఆఫ్ థ్రోన్స్ తొలి ఎపిసోడ్: ప్రాప్, టొడొరొవ్, బార్త్‌లలో ఎవరు మేలు?

ఫాంటసీ సీరియల్‌ని విశ్లేషించమంటే మీడియా స్టడీస్ విద్యార్థులు చాలామంది ముందు రష్యన్ జానపద కథల పరిశోధకుడు ప్రాప్‌నే పట్టుకుంటారు. వీరుడు, విలన్, రాకుమారి అని పేర్లు తగిలిస్తే సగం జవాబు అయిపోతుంది మరి. ఆయన 1928లో రష్యన్ జానపద కథల నుంచి 31 ఘట్టాలు, ఏడు రకాల పాత్రలు తేల్చాడు. మన పేదరాసి పెద్దమ్మ కూడా అందులో వీరుడికి సాయం అందించే 'దాత'గా హాయిగా ఇమిడిపోతుంది. 2011లో అమెరికన్ ఛానెల్ హెచ్‌బీఓలో మొదలైన ఈ సీరియల్ మాత్రం ఇమడదు. వీరుడనుకున్న నెడ్ స్టార్క్ తల తొమ్మిదో ఎపిసోడ్‌లోనే తెగిపడుతుంది. పసివాణ్ణి కిటికీలోంచి తోసేసిన జేమీ మీద మూడో సీజన్‌కల్లా జాలేస్తుంది. నెడ్‌ని మనం వీరుడని ఎందుకు నమ్మామో చెప్పడానికి ప్రాప్ కావాలి, అంతవరకే.

కథల నిర్మాణం మీద రాసిన టొడొరొవ్ లెక్కలో ముందు ప్రశాంతత, తర్వాత అలజడి, చివరికి కొత్త ప్రశాంతత. ఇక్కడ అలజడే, అంటే మంచులో శవాల సీనే, ముందొస్తుంది, పిల్లలు బాణాలు వేయడం నేర్చుకునే స్టార్క్‌ల కోట వింటర్‌ఫెల్ ఆ తర్వాత. ఈ తారుమారు గురించి ఒక పేరా రాయొచ్చు. కానీ 73 ఎపిసోడ్ల కథలో ప్రశాంతత ఎక్కడ తిరిగొస్తుందో వెతుక్కుంటూ కూర్చోలేం.

నా ఓటు ఫ్రెంచ్ విమర్శకుడు బార్త్‌కి. కథ అర్థాన్ని పుట్టించే దారుల్ని ఆయన కోడ్‌లన్నాడు. 1970లో చెప్పిన ఆ ఐదింటిలో రెండు చాలు. మొదటిది చిక్కుముడి కోడ్, ప్రశ్న లేపి జవాబు ఆపిపెట్టేది. ఎపిసోడ్ మొదట్లోనే ఓ పెద్ద మంచు గోడ కింది గేటు లేస్తుంది, ముగ్గురు గుర్రాల మీద మంచులోకి వెళ్తారు. ఎటు చూసినా తెలుపు, నీలం. ఒకడికి ముక్కలుగా నరికి ఓ ఆకారంలో పేర్చిన శవాలు కనిపిస్తాయి. మిగతా ఇద్దర్నీ తీసుకొచ్చేసరికి శవాల్లేవు! ఎవరు చేశారు, శవాలేమయ్యాయి? సూటిగా జవాబివ్వకుండా టైటిల్స్ వేసేస్తారు. ఇక్కడ రంగు, ఎడిటింగ్ గురించి ఏం రాసినా అది కథ గురించి రాసినట్టే.

రెండోది ప్రతీకల కోడ్. నెడ్, కొడుకులు అడవి దారిలో పొట్ట చీలిన జింకను చూస్తారు. కాస్త దూరంలో డైర్‌వుల్ఫ్ అనే భారీ తోడేలు చచ్చిపడి ఉంటుంది, ఒంట్లో జింక కొమ్ము దిగి. స్టార్క్‌ల వంశచిహ్నం డైర్‌వుల్ఫ్, రాజు రాబర్ట్‌ది జింక. రాజు ఇంకా వింటర్‌ఫెల్ గడప తొక్కనేలేదు. చచ్చింది ఒక్కటే కాదు, రెండూ. మొదటి సీజన్ ముగిసేలోపు రాబర్టూ పోతాడు, నెడ్డూ పోతాడు. ఇంత సంగతిని ఒక్క సీన్‌లో కెమెరా ముందే పెట్టేశారు. ప్రాప్ పట్టికలో దీనికి గడే లేదు.

అలాగని ఐదు కోడ్‌లూ వరసపెట్టి రాయబోతే అదీ జాబితానే అవుతుంది, మార్కులు రావు. షాట్ ఎంచుకున్నాకే కోడ్ పేరు ఎత్తాలి.